తిరిగే భాగమే లేని ఎంహెచ్‌డీ జనరేటర్‌లో ఎలక్ట్రోడ్లు ఎందుకు పాడవుతాయి?

వేడి వాయువును అయస్కాంత క్షేత్రం గుండా పంపి నేరుగా కరెంటు తీసే ఎంహెచ్‌డీ (మాగ్నెటో హైడ్రోడైనమిక్) యంత్రంలో అరుగుదల ఎక్కడి నుంచి వస్తుందని మీరు అడిగారు. నేను నెల్లూరు జిల్లాలో, కృష్ణపట్నం వైపు ఒక థర్మల్ కేంద్రంలో బాయిలర్ మెయింటెనెన్స్ చూస్తాను కాబట్టి, నాకు బాగా తెలిసిన క్లింకర్ (కరిగి గట్టిపడిన బూడిద) దగ్గరే మొదలుపెడతాను.

మా ఫర్నేసులో వాటర్‌వాల్ ట్యూబుల (లోపల నీరు పారే గోడ గొట్టాల) మీద బూడిద కరిగి పేరుకుంటే వేడి నీటికి సరిగా అందదు. షట్‌డౌన్‌లో దాన్ని కొట్టించి, ట్యూబుల మందం కొలిపించడం మా పని. ఆ పొర మాకు వేడికి మాత్రమే అడ్డు. ఎంహెచ్‌డీ ఛానల్‌లోనైతే, అంటే వేడి వాయువు పారే దారిలో, ఎదురెదురు గోడల మీది ఎలక్ట్రోడ్లకు (ఆనోడ్, కాథోడ్) కరెంటు కూడా అలాంటి పొర గుండానే పోవాలి. చిక్కంతా అక్కడే ఉంది.

మంట దాదాపు 2,500 డిగ్రీల సెల్సియస్‌కు చేరినా ఆ వాయువు చాలినంత విద్యుద్వాహకం కాదు కనుక, ఎలక్ట్రాన్‌ను తేలికగా వదిలే పొటాషియాన్ని, సాధారణంగా కార్బొనేట్ రూపంలో, అందులో కలుపుతారు. అది బూడిదతో కలిసి, నీటితో చల్లబరిచే గోడల మీద స్లాగ్ పొరగా పేరుకుంటుంది. ఆ పొర గోడను మంట నుంచి కాపాడే మాట నిజమే గానీ, కరిగి ఉన్నంతసేపూ అది ఎలక్ట్రోలైట్, అంటే అయాన్ల ద్వారా కరెంటును మోసే ద్రవం. అందులోని ఆక్సిజన్ అయాన్లు ఆనోడ్ వైపు జరిగి లోహాన్ని ఆక్సీకరణకు గురిచేస్తాయి. బొగ్గులోని గంధకం దానికి తోడవుతుంది. పొటాషియం, ఇనుము అయాన్లు కాథోడ్ వైపు చేరి క్షయకరణం చెందడంతో అక్కడి పొర వాహకత పెరిగిపోతుంది. రెండు గోడల బాధలూ వేరు కాబట్టి లోహాలూ వేరు కావలసి వచ్చింది: అమెరికాలో బొగ్గుతో చేసిన పరీక్షల్లో రాగి ఆనోడ్లకు ప్లాటినం తొడుగు వేశారు, కాథోడ్లకు టంగ్‌స్టన్-రాగి వాడారు.

ఇక అయస్కాంత క్షేత్రంలో పారే కరెంటుకు అడ్డంగా వోల్టేజీ పుట్టించే హాల్ ప్రభావం వల్ల ఛానల్ పొడవునా కూడా వోల్టేజీ ఏర్పడుతుంది. అందుకే ఎలక్ట్రోడ్లను ముక్కలుగా చేసి మధ్యలో ఇన్సులేటర్లు పెడతారు. కాథోడ్ గోడ మీద స్లాగ్ పక్కపక్క ముక్కలను షార్ట్ చేసిందంటే, ఆ ఖాళీలన్నీ పంచుకోవలసిన వోల్టేజీ మిగిలిన ఒకటి రెండు ఖాళీల మీద పడి ఆర్క్ పుట్టే వీలుంటుంది. నా అంచనాలో రసాయనిక తుప్పు కంటే ఇదే ప్రమాదకరం. తుప్పును మందం కొలిచి ముందే కనిపెట్టవచ్చు, ఆర్క్ మాత్రం ఒక్కచోట రాగిని కరిగించి లోపలి నీటి దారి దాకా పోగలదు.

ఒక హెచ్చరిక కూడా చేస్తాను. మాస్కోలో 1971లో మొదలైన యూ-25 కేంద్రం సహజ వాయువుతో నడిచింది, అందులో బూడిద బెడద లేదు. అటువంటి చోట ఎలక్ట్రోడ్లు ఎంతకాలం మన్నాయో చూసి, బూడిద ఎక్కువగా ఉండే మన బొగ్గుకు ఆ లెక్కనే వర్తింపజేయకండి.