నెల్లూరులో పీజీ చేరబోయే గే తమ్ముడికి కాలేజీలో అండ ఉంటుందా?

మీ తమ్ముడు గే అని మీకు చెప్పాడు, నెల్లూరులో పీజీ చేరబోతున్నాడు, అక్కడ ఇలాంటి పిల్లలకు అండ ఉంటుందా అని అడిగారు కదా అక్కా. నేనూ గేనే, మాది కావలి. గే సంబంధాలను నేరంగా చూసిన 377 సెక్షన్ ఇంకా అమల్లో ఉన్న రోజుల్లో నెల్లూరులోనే డిగ్రీ చదివాను.

అప్పట్లో అండా లేదు, గిండా లేదు. మెస్‌లో ప్లేటు పట్టుకుని లైన్లో నిలబడితే వెనక నుంచి "పాయింట్ ఫైవ్ వచ్చాడ్రోయ్" అని అరిచేవాళ్ళు. సాంబారు వడ్డించే పెద్దాయన మాత్రం నవ్వేవాడు కాదు, "తిను నాయనా" అని ఇంకో గరిటె పోసేవాడు. వార్డెన్‌కి చెప్పుకుంటే "ముందు నువ్వు మగాడిలా నడవడం నేర్చుకో" అన్నాడు. ఫిర్యాదు రాసివ్వాలన్నా ఏ రూలు పేరు చెప్పాలి?

ఇప్పుడు రూలుంది. ట్రాన్స్‌జెండర్ల హక్కులపై సుప్రీంకోర్టు 2014 తీర్పు, 377 కింద అది నేరం కాదన్న 2018 సెప్టెంబర్ 6 తీర్పు టీవీల్లో మారుమోగాయి, అందరికీ తెలుసు. హాస్టల్లో ఉండే పిల్లాడికి వాటికంటే ఎక్కువ పనికొచ్చేది యూనివర్సిటీలకు రూల్స్ పెట్టే యూజీసీ 2016లో తన ర్యాగింగ్ రూల్స్‌కి చేసిన సవరణ అంటాను నేను. లైంగికత గురించి, జెండర్ గురించి ఏడిపించినా, వెలివేసినా అది ర్యాగింగే అని అందులో స్పష్టంగా ఉంది. వార్డెన్ పట్టించుకోకపోతే యాంటీ ర్యాగింగ్ కమిటీ ఉంది, అదీ కదలకపోతే యాంటీ ర్యాగింగ్ హెల్ప్‌లైన్ 1800-180-5522కి ఫోన్ చేయొచ్చు.

విద్యార్థి సంఘాలంటారా, ఐఐటీ బాంబేలో 2011 నుంచే మనలాంటి విద్యార్థుల సంఘం 'సాథీ' ఉంది. హైదరాబాద్ నల్సార్ లా యూనివర్సిటీ 2022లో హాస్టల్లో ఒక ఫ్లోర్‌నే జెండర్ న్యూట్రల్, అంటే ఆడా మగా అనే తేడా లేకుండా ఉండేలా చేసింది. మనవైపు కాలేజీల్లో నేనైతే అలాంటివి చూడలేదు. ఇక్కడ అర్థం చేసుకునే రూమ్మేట్ ఒక్కడు దొరికితే సగం టెన్షన్ తీరుతుంది.

ఇంకోటి. ఇంట్లో తెలిసి ఎవరైనా "డాక్టర్ దగ్గర మార్పించేద్దాం" అంటే అస్సలు ఒప్పుకోవద్దు. అలాంటి 'ట్రీట్‌మెంట్' చేయడం వృత్తిపరమైన తప్పని నేషనల్ మెడికల్ కమిషన్ 2022లోనే చెప్పింది. వాడికి దిగులుగా ఉంటే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ 14416కి ఫోన్ చేయమనండి, తెలుగులోనే మాట్లాడతారు.

అమ్మానాన్నలకు ఎప్పుడు చెప్పాలో వాడినే తేల్చుకోనివ్వండి. అడ్మిషన్ అప్పుడు ర్యాగింగ్ హామీపత్రం ఇంట్లోవాళ్ళూ ఇవ్వాలి, ఆ పని మీరు దగ్గరుండి చూసుకోండి. కమిటీలో ఎవరెవరున్నారో వాళ్ళ నంబర్లు కూడా ఆ రోజే అడిగి తీసుకోండి.