చెరువు సర్కారుదే, మరి చేప ఎవరిది?

ప్రశ్న: మేం నలుగురు స్నేహితులం. సెలవులొస్తే జనం లేని చెరువు గట్టునో, ఏటి ఒడ్డునో టెంట్ వేసుకుని, గాలాలు వేసుకుంటూ రెండ్రోజులు గడుపుతాం. పోయిన నెల ఒక చెరువు దగ్గర కొందరు వచ్చి ‘ఇది మా చెరువు, కేసు పెడతాం’ అంటూ గాలాలు లాక్కున్నారు. చెరువు ప్రభుత్వానిదే కదా, చేపలు పడితే తప్పా? ఇప్పుడు ఎక్కడికి వెళ్లాలన్నా టెన్షన్‌గా ఉంది.

జవాబు: చెరువు ప్రభుత్వానిదే కావచ్చు. అందులో చేపలు పట్టే హక్కును మాత్రం అప్పటికే ఎవరికో ఇచ్చేసి ఉంటారు. ఒడ్డు ఒకరిది, నీళ్లు ఇంకొకరివి, చేప మరొకరిది కావడం మన దగ్గర మామూలే. చిలికా సరస్సు కేసులో సుప్రీంకోర్టు 1955లోనే ఈ సంగతి తేల్చింది. చేపలు పట్టుకునే హక్కు స్థిరాస్తి కిందికే వస్తుందని చెప్పింది. కాబట్టి మత్స్యకార సంఘం చెరువును లీజుకు తీసుకుంటే, ‘మా చెరువు’ అన్న మాటలో చేపల మేరకు న్యాయం ఉంది.

అలాంటి చెరువును చూస్తేనే పోల్చుకోవచ్చు. తూము దగ్గర చేపలు జారిపోకుండా వల కట్టి ఉంటుంది. గట్టున తెప్ప బోర్లించి ఉంటుంది. అక్కడున్నవి సంఘం వాళ్లు చేపపిల్లల్ని వదిలి పెంచుకున్న చేపలు. వాటిని పడితే భారతీయ న్యాయ సంహిత 303 సెక్షన్ కింద దొంగతనం కేసు పెట్టే వీలుంది. పారే నదిలో తిరిగే చేప ఎవరి స్వాధీనంలోనూ ఉండదు కాబట్టి అక్కడ దొంగతనం మాట రాదు. కానీ నదిలో ఆ భాగం లీజులో ఉంటే లీజుదారు మిమ్మల్ని ఆపగలరు.

ఇక వాళ్ల సంగతి. మిమ్మల్ని వెళ్లిపొమ్మనొచ్చు, పోలీసులకు చెప్పొచ్చు. గాలాలు లాక్కునే అధికారం మాత్రం వాళ్లకు లేదు. అయినా మీరు స్టేషన్‌కు పోకండి. సంఘం పెద్దను కలిసి, తెలియక చేశామని చెప్పి వెనక్కి అడగండి. ఆ చేపల మీదే వాళ్ల ఇళ్లు గడుస్తాయి, కోపం రావడంలో తప్పు లేదు.

ఒడ్డు పట్టా భూమి అయితే రైతు అనుమతి తప్పనిసరి. దారి తప్పి పొలంలోకి వెళ్లినంత మాత్రాన నేరం కాదు. నేరం చేయాలనో, హక్కుదారును వేధించాలనో ఉద్దేశంతో వెళ్లినా, పొమ్మన్నాక అదే ఉద్దేశంతో మొండికేసినా అదే న్యాయ సంహిత 329 సెక్షన్ కింద మూడు నెలల జైలు, 5,000 రూపాయల జరిమానా వరకూ పడొచ్చు. చెరువు గట్టయితే గుంతలు తవ్వకండి, పొయ్యి కోసం గట్టు వాలుకు పరిచిన రివిట్‌మెంట్ రాళ్లు లాగకండి. వాన కాలంలో గట్టును కాపాడేవి ఆ రాళ్లే.

నన్ను ఎక్కువ భయపెట్టేది అడవి పక్క నీళ్లు. జనం లేరని మీరు సంబరపడే చోటు చాలాసార్లు రిజర్వ్ ఫారెస్టో, అభయారణ్యమో అయి ఉంటుంది. జనం లేనిది కూడా అందుకే. అభయారణ్యంలోకి అడుగు పెట్టాలంటేనే 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం పర్మిట్ కావాలి. ఆ పర్మిట్ ఏయే పనులకు ఇవ్వొచ్చో చట్టంలో రాసి ఉంది: అధ్యయనం, ఫొటోలు, పరిశోధన, పర్యాటకం, అక్కడ నివసించేవాళ్లతో న్యాయమైన పని. చేపల వేట అందులో లేదు. ‘పట్టి మళ్లీ నీళ్లలోనే వదిలేస్తాం’ అని కొందరు నాతో వాదించారు. రక్షిత జీవుల విషయంలో ఈ చట్టం దృష్టిలో పట్టుకోవడమే వేట, ప్రయత్నించడం కూడా వేటే. మీ గాలానికి తాబేలు చిక్కితే ఇంకా పెద్ద చిక్కు. చలిమంట కూడా వద్దు. రిజర్వ్ ఫారెస్టులో అనుమతి లేని నిప్పు తెలుగు రాష్ట్రాల్లో అమల్లో ఉన్న 1967 అటవీ చట్టం కింద నేరం.

మరి ఎక్కడికి వెళ్లాలి? ముందు చోటు చూసుకుని తర్వాత అనుమతి కోసం తిరగకండి. జిల్లా మత్స్యశాఖ కార్యాలయానికి వెళ్లి, లీజులో లేని నీళ్లు ఏవో, చేపలు గుడ్లు పెట్టే కాలంలో నిషేధం ఉందో లేదో అడగండి. లీజులో ఉన్నా ఫర్వాలేదు, సంఘం వాళ్లు ఒప్పుకుంటే చాలు. ఒక తెల్ల కాగితం మీద మీ నలుగురి పేర్లు, బండి నంబరు, తేదీలు, చెరువు పేరు, ఎన్ని గాలాలు అన్నది రాసి సంతకం పెట్టించుకోండి. ఒడ్డు గురించి రెవెన్యూ సిబ్బందిని గానీ పంచాయతీ కార్యదర్శిని గానీ విడిగా అడగాలి. చేపలకు వచ్చిన అనుమతి టెంటుకు చెల్లదు.

అన్ని కాగితాలూ ఉన్నా ఆనకట్టకు దిగువన ఇసుక మీద మాత్రం టెంట్ వేయకండి. 2014 జూన్‌లో హిమాచల్‌లోని బియాస్ నదిలో, లార్జీ డ్యామ్ నుంచి వదిలిన నీటిలో హైదరాబాద్ నుంచి వెళ్లిన 24 మంది విద్యార్థులు కొట్టుకుపోయి చనిపోయారు. ఎగువన గేట్లు ఎప్పుడు తీస్తారో డ్యామ్ కార్యాలయానికి ఫోన్ చేసి కనుక్కోండి, టెంట్ ఎత్తుమీద వేసుకోండి.