భార్య అనుమానాస్పదంగా చనిపోయిన కేసుల్లో భర్తలు కోర్టులో ఎలా బయటపడిపోతారు?

మీ ఊళ్లో జరిగిన కేసు గురించి రాస్తూ, "భర్తే చంపాడని ఊరంతటికీ తెలుసు, కోర్టుకి మాత్రం ఎందుకు తెలియలేదు?" అని అడిగారు. పోలీసులు అమ్ముడుపోయారు, లాయర్లు మాయ చేశారు అని జవాబు చెప్పడం తేలిక. నేను చూసింది వేరు. ఇలాంటి కేసు మొదటి మూడు గంటల్లోనే చచ్చిపోతుంది. దాన్ని చంపేది చాలాసార్లు పక్కింటివాళ్లే. ఒక కేసును అలా చంపినదాన్ని నేను, అందుకే ఇంత ధైర్యంగా చెబుతున్నాను.

2004 నాటి మాట. గుంటూరు జిల్లాలో ఒక టౌన్‌లో రెండు వాటాల ఇంట్లో అద్దెకుండేవాళ్లం. ముందు వాటా మాది. వెనక వాటాలో ఒక కొత్త జంట. పెరడు, పంపు, బట్టలుతికే బండ ఇద్దరికీ ఒకటే. ఆ అమ్మాయికి ఇరవై రెండేళ్లు, పెళ్లై ఏడాదిన్నర. నన్ను అక్కా అని పిలిచేది. అతను ఎరువులు, పురుగుమందుల షాపులో లెక్కలు రాసేవాడు. మనిషి నెమ్మది, ఎదురుపడితే తల వంచుకుని పోయేవాడు. గొడవలు ఉండేవా అంటే ఉండేవి. గోడకి అటువైపు గొంతులు లేవగానే టీవీ సౌండ్ పెరిగేది. పొద్దున పంపు దగ్గర ఆమె కళ్లు వాచి కనిపించేవి. ఒకసారి మోచేతి కింద కమిలిన మచ్చ, గాజు గీరుకున్న గాయం చూశాను. "బీరువా తగిలిందక్కా" అంది. నేను ఊరుకున్నాను. వాళ్ల అమ్మ ఫోన్‌లో ఏం చెప్పేదో కూడా నాకు తెలుసు, మా ల్యాండ్‌లైన్‌కే చేసేవారు కాబట్టి. "సర్దుకుపోవాలమ్మా, ఒక బిడ్డ పుడితే అన్నీ సర్దుకుంటాయి." ఆ మాట మన ఇళ్లలో ఎంతమంది ఆడపిల్లల ప్రాణం తీసిందో! ఆ లెక్క ఏ రికార్డులోనూ ఉండదు.

ఆ ఫిబ్రవరిలో ఒకరోజు పొద్దున ఐదున్నరకి అతను మా తలుపు కొట్టాడు. "అక్కా, ఒకసారి రండి, లేవట్లేదు." వెళ్లేసరికి వంటింట్లో గట్టు పక్కన ఒత్తిగిలి పడి ఉంది. నోటి దగ్గర నురగ, నేలంతా వాంతి. చెయ్యి పట్టుకుంటే చల్లగా తగిలింది. మా ఆయన పరిగెత్తి ఆటో తెచ్చారు. ముగ్గురం కలిసి ఎత్తి ఎక్కించాం. వాళ్లిద్దరూ ఆమెను తీసుకుని ఆసుపత్రికి వెళ్లిపోయారు. గంటలోపే ప్రాణం పోయిందని కబురొచ్చింది.

ఇంట్లో నేనూ మా అత్తయ్యా మిగిలాం. ఆమె అమ్మానాన్నలకి ఫోన్ వెళ్లింది, బయల్దేరారు. "వచ్చేవాళ్లు తొక్కుతారు, కాస్త శుభ్రం చెయ్యమ్మా" అంది మా అత్తయ్య. ఆవిడ మనసులో ఏ చెడూ లేదు. చావింట్లో పని అందుకోవాలని మనకు చిన్నప్పటి నుంచి నేర్పుతారు. కుచ్చిళ్లు దోపుకుని, బకెట్‌తో నీళ్లు తెచ్చి, వాంతి ఎత్తేసి, ఫినాయిల్ పోసి కడిగాను. దుప్పటి నానబెట్టాను. చెత్తబుట్ట తీసుకెళ్లి వీధి చివర కుప్పలో పోసి వచ్చాను. అంట్లలో రెండు స్టీలు గ్లాసులు ఉన్నాయి, రెండింటి అడుగునా మజ్జిగ. ఒకటి చేతిలోకి తీసుకోగానే కుళ్లిన వెల్లుల్లి లాంటి ఘాటు ముక్కుకి కొట్టింది. రెండోదానికి ఆ వాసన ఉందో లేదో చూడలేదు. రెండూ సబీనా వేసి తోమి బోర్లించాను.

మధ్యాహ్నానికి పోలీసులు వచ్చారు. పెళ్లైన ఏడేళ్లలోపు మరణం కాబట్టి ఎమ్మార్వో గారు కూడా వచ్చారు. అలాంటి కేసుల్లో శవపంచాయతీ ఎగ్జిక్యూటివ్ మేజిస్ట్రేట్ చేత చేయించడం పద్ధతి. వంటింట్లోకి అడుగుపెట్టి ఆయన ముక్కు ఎగబీల్చారు. "ఇక్కడ కడిగింది ఎవరు?" ఎవరూ మాట్లాడలేదు. "నేనేనండి" అన్నాను. ఆయన నన్ను తిట్టలేదు. చాలాసేపు అలా చూసి, రాసేవాడి వైపు తిరిగి చెప్పారు. పంచనామాలో పడిన వాక్యం నాకు ఇప్పటికీ నోటికి వచ్చు: "వంటగది శుభ్రముగా ఉన్నది."

ఆ గ్లాసులు ఉండి ఉంటే ఏం చెప్పేవో తర్వాత లాయరైన మా బాబాయి విడమర్చి చెప్పారు. పురుగుమందు ఒక గ్లాసులోనే ఉందా, రెండింట్లోనా? వేలిముద్రలు ఎవరివి? ఇద్దరూ కూర్చుని మజ్జిగ తాగారా, ఆమె ఒక్కతే రెండుసార్లు పోసుకుందా? మందు సీసా ఇంట్లో ఎక్కడా దొరకలేదు. తనంతట తాను తాగిన మనిషి సీసాను మాయం చేయదు కదా అని ప్రాసిక్యూటర్ గారు అందామనుకున్నారు. కానీ చెత్తబుట్ట నేను పారబోశాను. అందులో సీసా ఉందో లేదో నేను చూడలేదు. ఆ ఒక్క మాటతో ఆ వాదన కూలిపోయింది.

పోస్టుమార్టంలో పొట్టలో పదార్థం, కాలేయం, మూత్రపిండం ముక్కలు ఉప్పు ద్రావణంలో పెట్టి ఫోరెన్సిక్ ల్యాబ్‌కి పంపారు. రిపోర్టు రావడానికి నెలలు పట్టింది. ఆర్గానోఫాస్ఫరస్ పురుగుమందు అని వచ్చింది. ల్యాబ్ ఏ విషమో చెబుతుంది. ఎవరు కలిపారో అది చెప్పలేదు. లోకల్ కేబుల్ చానల్ మాత్రం ఆ మొదటి రోజు సాయంత్రమే "కట్నం కోసం భార్యకు విషం" అని వేసేసింది. ల్యాబ్ కంటే ముందు వాళ్లకి ఎలా తెలిసిపోయిందో! ఆ వార్త చూసి వీధిలో అందరూ తాము కళ్లారా చూసినట్టు మాట్లాడటం మొదలుపెట్టారు. వాళ్లలో ఒక్కరూ తర్వాత సాక్ష్యానికి రాలేదు.

2007లో సెషన్స్ కోర్టులో నా వంతు వచ్చింది. ఆరుసార్లు తిరిగాక ఆరోసారి బోనెక్కాను. సాక్షులు కూర్చోవడానికి బెంచీ ఉండదు. నేను పనిచేసే స్కూల్లో జీతం కోత, ఇచ్చే బత్తా బస్సు చార్జీలకే చాలదు. నిందితుడూ మనమూ ఒకే వరండాలో గంటల తరబడి నిలబడాలి. దీని గురించి ఎవరూ రాయరు.

డిఫెన్స్ లాయరు గట్టిగా కూడా మాట్లాడలేదు. "గ్లాసులో వాసన వచ్చిందని పోలీసులకి చెప్పారా?" అన్నారు. అడగలేదండి అన్నాను. "చెప్పారా, లేదా?" చెప్పలేదు అన్నాను. అంతే. పోలీసులు తీసుకునే వాంగ్మూలం మీద మన సంతకం ఉండదు. సంతకం పెట్టించకూడదని చట్టమే చెబుతుంది. మా అరుగు మీద కూర్చుని, తొడ మీద ప్యాడ్ పెట్టుకుని ఆ పోలీసాయన తనకి తోచింది రాసుకున్నారు. చదివి వినిపించలేదు. అందులో వాసన లేదు కాబట్టి కోర్టులో వాసన నేను కొత్తగా కల్పించింది అయిపోయింది.

ఒక్క మాట మాత్రం వాంగ్మూలంలో ఉంది. చనిపోవడానికి వారం ముందు ఆమె నాతో "ఎలకల కోసమని షాపు నుంచి ఏదో మందు తెచ్చి అటక మీద పెట్టారక్కా, కంపు" అంది. చనిపోయిన మనిషి ముందెప్పుడో అన్న మాట చెల్లుతుందా అని నేను భయపడ్డాను. దానికి మన పిఠాపురం కేసే ఆధారమని బాబాయి చెప్పారు. 1937లో పూరీ స్టేషన్‌లో రైల్లో ఒక ట్రంకుపెట్టెలో శవం దొరికింది. ఆ మనిషి బయల్దేరేముందు ఎక్కడికి, ఎందుకు వెళ్తున్నాడో భార్యతో చెప్పాడు. ఆ మాట సాక్ష్యంగా పనికొస్తుందని 1939లో ప్రివీ కౌన్సిల్, అంటే అప్పట్లో మనకు అన్నిటికంటే పైనున్న లండన్ కోర్టు, తేల్చింది. పాకాల నారాయణస్వామి కేసు అంటే దేశంలో లాయర్లందరికీ తెలుసు. సరే, ఆమె మాట చెల్లింది. చెల్లితే ఏమైంది? మందు అటక మీద ఉందని అతనికి ఎంత తెలుసో ఆమెకీ అంతే తెలుసని తేలింది.

కట్నం అడిగాడని చెప్పాల్సిన ఆమె మేనమామ బోనులో ఎదురు తిరిగాడు. మధ్యలో పెద్దమనుషులు కూర్చుని బంగారం, సామాను, కొంత డబ్బు వెనక్కి ఇప్పించారని ఊళ్లో అందరికీ తెలుసు. హత్య నిలబడలేదు. కట్న మరణం కింద 304బి కూడా నిలబడలేదు. వాచిన కళ్లు, కమిలిన చెయ్యి గురించి నేను చెప్పింది నమ్మి, భార్యను హింసించినందుకు 498ఏ కింద మాత్రం శిక్ష వేశారు. బెయిల్ రాకముందు జైల్లో ఉన్న రోజులు అందులో పోయాయి.

మీ ప్రశ్నకి చట్టం వైపు నుంచి జవాబు కావాలంటే పుణె కేసు తెలుసుకోండి. 1982లో పెళ్లైన నాలుగు నెలలకే ఒక అమ్మాయి పొటాషియం సైనైడ్‌తో చనిపోయింది. భర్త కెమికల్ ఇంజనీరింగ్ చదివినవాడు. తన కష్టం గురించి ఆమె రాసిన ఉత్తరాలు ఉన్నాయి. సెషన్స్ కోర్టు ఉరిశిక్ష వేసింది, హైకోర్టు ఖాయం చేసింది. 1984లో సుప్రీంకోర్టు అతన్ని వదిలేసింది. విషం పెట్టి చంపాడనాలంటే కారణం, విషం వల్లే చావు, అతని దగ్గర ఆ విషం ఉండటం, పెట్టే అవకాశం ఇవన్నీ చూపించాలంది. "చేసి ఉండొచ్చు" నుంచి "చేసే ఉండాలి" దాకా చాలా దూరముందని చెప్పింది. శరద్ సార్దా కేసు అంటారు. పరిస్థితుల సాక్ష్యం మీద నడిచే ప్రతి కేసులోనూ ఈరోజుకీ దాన్నే చదువుతారు. నాకు మొదట కోపం వచ్చింది. ఇప్పుడు రావడం లేదు. ఆ దూరాన్ని దాటించే వంతెన గ్లాసుల్లాంటి వస్తువులే.

భర్తకి బాధ్యత లేదని కాదు. నాలుగు గోడల మధ్య జరిగినదానికి ఆ ఇంట్లో ఉన్నవాడే సంజాయిషీ చెప్పాలని 2006లో త్రిముఖ్ కిర్కన్ కేసులో సుప్రీంకోర్టు అంది. అక్కడ పాము కరిచిందన్నారు, పోస్టుమార్టంలో గొంతు నొక్కినట్టు తేలింది. కానీ ముందు ప్రాసిక్యూషన్ తన పునాది వేయాలి. ఆ పునాది ఎలా వేస్తారో కేరళలో ఉత్ర కేసులో చూశాం. 2020 మార్చిలో ఉత్ర అనే ఆ అమ్మాయిని రక్తపింజరి కరిచింది, బతికింది. మే నెలలో పుట్టింట్లో పడుకుని ఉండగా నాగుపాము కరిచి చనిపోయింది. సర్పదోషం అనేసి ఊరుకోవచ్చు. తల్లిదండ్రులు ఊరుకోలేదు. పాతిపెట్టిన పామును తవ్వి తీసి దానికి పోస్టుమార్టం చేశారు. బొమ్మ మీద నాగుపాముతో కరిపించి కోరల గాట్ల మధ్య దూరం కొలిచారు. పట్టుకుని కరిపిస్తే దూరం పెరుగుతుందని చూపించారు. 2021 అక్టోబరులో కొల్లం కోర్టు భర్తకి రెండు యావజ్జీవాలు వేసింది. పాముని తవ్వి తీసినవాళ్లు ఉన్నారు. నేను గ్లాసు కడిగేశాను.

ఇంకొకటి కూడా ఉంది, ఇది చెప్పకపోతే అన్యాయం. ఆ రెండు గ్లాసుల మీదా ఆమె వేలిముద్రలు మాత్రమే ఉండి ఉంటే? అప్పుడు అతనికి హంతకుడనే పేరు నా వల్ల మిగిలినట్టు. ఆ తర్వాత అతను ఆ ఊళ్లో బతకలేక వెళ్లిపోయాడు. అతను చంపాడో లేదో నాకు ఈరోజుకీ తెలియదు. ఎవరికీ తెలియకుండా చేసిన చేతులు నావి.

2024 జూలై 1 నుంచి చట్టం పేర్లు, నంబర్లు మారాయి. 304బి ఇప్పుడు భారతీయ న్యాయ సంహితలో 80వ సెక్షన్, 498ఏ ఇప్పుడు 85. అవన్నీ లాయర్లు చూసుకుంటారు. మీ పక్కింట్లో ఇలా జరిగితే మీరు మనిషిని ఆసుపత్రికి పంపండి, తలుపు దగ్గరికి లాగి తాళం వేయండి, 112కి ఫోన్ చేయండి. ఎవరు తిట్టినా నేల కడగనివ్వకండి. ఇప్పుడు అందరి చేతుల్లో ఫోన్లున్నాయి. ఏడ్చేవాళ్ల వీడియోలు తీసే బదులు గుమ్మంలో నిలబడి గదిని నాలుగు ఫొటోలు తీయండి. పోలీసులు అడగని విషయం కూడా మీరే చెప్పండి. మీ మాట ముఖ్యమైనదైతే మేజిస్ట్రేటు ముందు వాంగ్మూలం ఇప్పించమని అడగండి, దాని మీద మీ సంతకం ఉంటుంది. చావు జరిగిన సాయంత్రమే దహనం చేసేద్దామని తొందరపెట్టే బంధువుని మాత్రం నేను భర్త కంటే ముందు అనుమానిస్తాను, ఎవరేమనుకున్నా సరే.

పదకొండో రోజు అయ్యాక ఆమె అమ్మ సామాన్లు తీసుకెళ్లడానికి వచ్చారు. వంటింట్లో బోర్లించిన గిన్నెలు, గ్లాసులు ఒక్కొక్కటే తీసి గోనెసంచిలో సర్దుకున్నారు. వెళ్లేముందు నా రెండు చేతులూ పట్టుకుని, "నా కూతురి వంటిల్లు ఎంత శుభ్రంగా ఉంచావమ్మా, నీ రుణం తీర్చుకోలేను" అన్నారు. నేను చేతులు విడిపించుకుని లోపలికి వెళ్లి, ఆవిడకి మంచినీళ్లు తెచ్చిచ్చాను.