నీ ఎనిమిది పాటలు ఇన్న తమ్మీ

తమ్మీ,

టెక్నాలజీ మీద నువ్వు చేసిన ఆల్బం దేవరకొండ నుంచి నల్లగొండ దాక బస్సుల ఇయర్‌ఫోన్స్ పెట్టుకొని ఒకసారి ఇన్న, ఇంటికొచ్చినంక కాయితం మీద రాసుకుంట ఇంకోసారి. ట్యూన్లు మంచిగున్నయ్, అది నీకు ఎర్కే. మాటల కాడ్నే పంచాది.

టెక్నాలజీ అనే మాట పదిహేడుసార్లు వాడినవ్, లెక్కవెట్టిన. సంకెళ్లు, బానిసలు, మాయదారి తెర... బానిస ఎవలు, ఏ ఊరోళ్లు? అది లేదు. (నేను గూడ మొదట్ల గ్లోబలైజేషన్ భూతం అని రాసిన, ఊర్ల ఒక్కలు గూడ పాడలే.) రేషన్ షాపు కాడ మా అమ్మ ఏలు వెడ్తది, మిషిన్ తీస్కోదు, పత్తి ఏరి ఏరి గీతలు అరిగినయ్. కొంగుకు తుడుస్తది, నోటితోని ఊదుతది, ఇంకో ఏలు వెడ్తది, ఎనక లైన్లోల్లు జల్ది పెద్దమ్మా అంటరు, డీలరేమో నన్నేం జెయ్యమంటవ్ అత్తా మిషిన్ ఒప్పుకుంటలేదు అంటడు. అత్తా అని పిలుస్తనే ఉన్నడు, ఆమె ఆమె కాదంటున్నడు. గాడ రాయి పాట.

ఉపాధి హామీ పని చూడు. 2023 జనవరి సంది హాజరు యాప్‌లనే, రోజుకు రెండు ఫోటోలు. పని ఒడిసినా రెండో ఫోటో కోసం ఆడోళ్లు ఎండల కూసుంటరు, సిగ్నల్ కోసం హాజరు తీస్కునే మేటు గట్టెక్కి ఫోన్ పైకెత్తి పడ్తడు. నవ్వొస్తది, కడుపుల మండుతది, రెండూ రానియ్యి.

నాలుగో పాటల కంప్యూటర్ గొంతు పెట్టినవ్ గదా, రేడియోహెడ్ అనే ఇంగ్లండు బ్యాండోళ్లు 1997లనే ఓకే కంప్యూటర్ ఆల్బంల ఒక ట్రాక్ మెకింటోష్ కంప్యూటర్ గొంతుతోనే చదివిచ్చిన్రు. పెట్టొద్దంటలేను, అయితే ఛాయ్ హోటల్ కాడ పైసలొచ్చినయ్ అని తెలుగుల ఒర్రే డబ్బా ఉంటది సూడు, అది ఒర్రినంక గాని హోటలాయిన తలెత్తి నిన్ను సూడడు, ఆ గొంతు మనది.

ఇగ కాన్సెప్ట్ ఆల్బం, అంటే పాటలన్ని కలిసి ఒకటే ముచ్చట చెప్పుడు, కొత్తదనుకుంటున్నవ్. మరి బుర్రకథేంది? రాత్రంత ఒకటే కథ, కథకుని పక్కన ఇద్దరు వంతలు, ఒకడు రాజకీయం మాట్లాడ్తడు, ఒకడు నవ్విస్తడు. తెలంగాణ పోరాటపు కవి సుద్దాల హనుమంతు గొల్లసుద్దులనే జానపద కళ పట్టుకొనే దొరల మీద ఊరూరు కదిలిచ్చిండు. నీ ఆల్బంల నవ్విచ్చేటోడే లేడు, ఎనిమిది పాటలు ఏడుపే.

ఆరో పాటల మీ చెల్లె దిండు కింద ఫోన్ వెట్టుకొని పండుకునే లైను మాత్రం ముట్టకు.

మార్చినంక వాట్సాప్‌ల పంపకు, నా ఫోన్ హ్యాంగైతుంది. ఐతారం ఇంటికే రా, పాడి ఇనిపియ్యి.

మీ అన్న