జెండాలు లేని చోట కాళ్ళు కూడా తడపకు

బుజ్జమ్మా,

మీ అమ్మ నిన్న రాత్రి ఫోను చేసింది. "అక్కా, మార్చిలో లేబర్ డే సెలవులకు అది కారు అద్దెకు తీసుకుని స్నేహితులతో మూడు రోజులు తిరగడానికి వెళుతుందట, నువ్వు ఏదో ఒకటి చెప్పు" అంది. వెళ్ళవద్దని చెప్పమని దాని ఉద్దేశం. నేను ఆ మాట చెప్పను. ఆరు నెలల క్రితం మెల్‌బోర్న్‌లో దిగి, పెరుగు ఎక్కడ దొరుకుతుందని నన్ను అడిగిన పిల్లవి. ఇవాళ నలుగురిని ఎక్కించుకుని, సముద్రం ఒడ్డునే సాగే గ్రేట్ ఓషన్ రోడ్డు మీద బండి నడుపుతానంటుంటే నాకు గర్వంగా ఉంది. మీ పెదనాన్న లేచి వెళ్ళి, బీరువా మీద నుంచి మా పాత మ్యాపు దించి, దుమ్ము తుడిచి, ఆ దారంతా వేలితో ఒకసారి వెళ్ళి వచ్చారు. నాకు మాత్రం తెల్లవారే దాకా నిద్ర పట్టలేదు. ఫోనులో చెబితే "సరే పెద్దమ్మా, సరే" అనేసి పెట్టేస్తావు. అందుకే కూర్చుని రాస్తున్నాను. చివరి దాకా చదువు.

ముందు నీ ప్రయాణం పట్టిక సంగతి. శనివారం సముద్రంలో నిలిచిన రాతి స్తంభాలు, ట్వెల్వ్ అపాజిల్స్, ఆదివారం ఫిలిప్ ఐలండ్, సోమవారం గ్రాంపియన్స్ కొండలు, ప్రతి రాత్రీ తిరిగి ఇంటికి. ఇది వేసిన వాళ్ళు మ్యాపు చూశారా? మెల్‌బోర్న్‌కు ఒకటి నైరుతిలో ఉంది, ఒకటి ఆగ్నేయంలో, ఒకటి వాయవ్యంలో. ఫిలిప్ ఐలండ్ 140 కిలోమీటర్లు. గ్రాంపియన్స్‌లో మీరు దిగే హాల్స్ గ్యాప్ 250 కిలోమీటర్లకు దగ్గర. అపాజిల్స్‌కు సముద్రం పక్క దారిలో వెళితే ఎక్కడా ఆగకపోయినా నాలుగున్నర గంటలు, ఆ దారిలో ఆగకుండా వెళ్ళేవాళ్ళు ఎవరూ లేరు. మూడు రోజులూ కారు అద్దంలోంచి చూడడానికే సరిపోతుంది. ఒక్క దిక్కు ఎంచుకో. నైరుతికే వెళ్ళు, మూడు రోజులూ అక్కడే ఉండు. ఆ దారిలోని ఊళ్ళలోనే, ఒక రాత్రి అపోలో బేలో, ఒక రాత్రి పోర్ట్ క్యాంప్‌బెల్‌లో గది తీసుకో. సెలవు వారాంతం కాబట్టి ఇవాళే తీసుకో.

మిగిలినవి ఎక్కడికీ పోవు. ఫిలిప్ ఐలండ్‌లో పెంగ్విన్లు ప్రతి సాయంత్రం చీకటి పడ్డాక సముద్రంలోంచి ఒడ్డుకు నడిచి వస్తూనే ఉంటాయి. అక్కడ ఫొటోలు తీయనివ్వరు, అది మంచి పద్ధతి. ఇంకో ఆదివారం కారు అవసరం లేకుండా ఫ్లిండర్స్ స్ట్రీట్ స్టేషన్లో రైలెక్కి బెల్‌గ్రేవ్‌లో దిగు. అక్కడ పఫింగ్ బిల్లీ అనే పాత ఆవిరి బండి ఉంటుంది. 1900 నాటి దారి. చెట్ల పొడవు చూసి నీకు మెడ నొప్పి పుడుతుంది. బల్లారట్, బెండిగో కూడా రైల్లోనే వెళ్ళవచ్చు. 2023 మార్చి నుంచి ఊరి బయటి రైళ్ళకు కూడా రోజంతటికీ నగరం టికెట్టు ధరను మించి తీసుకోవడం లేదు. మా రోజుల్లో ఈ సౌకర్యం ఉంటే మీ పెదనాన్న ఒక్క ఆదివారం కూడా ఇంట్లో ఉండేవారు కాదు.

ఇక బండి. నడిపే ప్రతి ఒక్కరి పేరూ అద్దె కాగితంలో రాయించు, లేకపోతే బీమా వర్తించదు. పెట్రోలు సగానికి వచ్చినప్పుడే నింపు. దారిలో వచ్చే ఆట్వే అడవుల్లో ఫోనుకు సిగ్నల్ ఉండదు, మ్యాపు ముందుగానే ఫోనులో దించుకో. అయినా ప్రమాదం వస్తే అత్యవసర నంబరు 000కు చేసి చూడు. నీ కంపెనీ సిగ్నల్ లేకపోయినా, అక్కడ వేరే కంపెనీది ఉంటే ఆ ఫోను వెళుతుంది. ప్రమాద హెచ్చరికలు చెప్పే విక్‌ఎమర్జెన్సీ యాప్ పెట్టుకుని ప్రతి ఉదయం చూడు. మార్చిలో కూడా కార్చిచ్చు వస్తుంది. పూర్తి నిప్పు నిషేధం ప్రకటించిన రోజున బయట నిప్పు రాజేయడం నేరం.

ఆ సముద్రపు రోడ్డు మొదలయ్యే టోర్కీ వైపు నుంచి బయలుదేరు. అలా వెళితే సముద్రం నీ ఎడమ చేతి వైపు ఉంటుంది, ఎక్కడ ఆగాలనుకున్నా ఎదురు బండ్లను దాటకుండా పక్కకు తీయవచ్చు. వంపులు ఎక్కువ. వెనుక బండ్లు చేరితే కంగారుపడి వేగం పెంచకు, పక్కకు తప్పుకోవడానికి ప్రత్యేకంగా చోట్లు కట్టారు, అక్కడ ఆగి దారి ఇవ్వు. తిరుగు ప్రయాణం మాత్రం కోలాక్ మీదుగా లోపలి దారిలో చెయ్యి, మూడు గంటల్లో ఇల్లు చేరుతావు. పొద్దు వాలాక నడపవద్దు. అప్పుడే కంగారూలు రోడ్డు మీదికి వస్తాయి. అడ్డం వస్తే బ్రేకు వెయ్యి, స్టీరింగు తిప్పకు. ఆ జంతువును తప్పించబోయి చెట్టుకు కొట్టుకున్న బండ్లను నేను రెండు చూశాను.

ఈస్టర్న్ వ్యూ అనే చోట రోడ్డుకు అడ్డంగా కర్ర తోరణం కనబడుతుంది. అందరూ ఫొటో తీసుకుని వెళ్ళిపోతారు. మీరు అయిదు నిమిషాలు నిలబడండి. మొదటి ప్రపంచ యుద్ధం నుంచి తిరిగి వచ్చిన సైనికులు దాదాపు మూడు వేల మంది, 1919 నుంచి 1932 దాకా, ఆ కొండ అంచుల్ని పలుగులతో, పారలతో తొలిచి ఈ రోడ్డు వేశారు. చనిపోయిన తమ తోటివాళ్ళ జ్ఞాపకంగా వేశారు. నువ్వు నడిపే 240 కిలోమీటర్ల పైచిలుకు రోడ్డంతా ఒక స్మారకమే. ఆ సంగతి తెలిస్తే నీ కాలు దానంతట అదే నెమ్మదిస్తుంది.

ఇప్పుడు నాకు నిద్ర లేకుండా చేసిన విషయం.

2004 జనవరి. మేము ఆస్ట్రేలియా వెళ్ళి అయిదేళ్ళయింది. లార్న్ అనే ఊరు దాటాక, అపోలో బే ఇంకా రాకముందు, రోడ్డు కింద చిన్న ఇసుక తీరం కనబడింది. ఎండ బాగా ఉంది. ఈతకు క్షేమమైన చోటు చూపే జెండాలు లేవు, గస్తీ కాసే ఎర్ర పసుపు టోపీల వాళ్ళు లేరు, జనం కూడా లేరు. జనం లేకపోవడమే నాకు నచ్చింది. నాకు ఈత వచ్చు కదా అని ధైర్యం. మా ఇంటి వెనుక కాలువలో మీ తాతగారు నాకు ఏడో ఏట రెండు ఎండు కొబ్బరికాయలు జంటగా కట్టి ఈత నేర్పారు. పదేళ్ళకే మీ మామయ్యకంటే ముందు అవతలి గట్టు తాకేదాన్ని. మీ పెదనాన్నకు ఈత రాదు. ఆయన చేతికి నా కళ్ళజోడు, చెప్పులు ఇచ్చి, చున్నీ నడుముకు బిగించి, సల్వార్ కమీజుతోనే నీళ్ళలోకి దిగాను.

ఎక్కడ దిగానో జాగ్రత్తగా చదువు. రెండు వైపులా అలలు తెల్లగా విరిగిపడుతున్నాయి. మధ్యలో ఒక చోట, నాలుగు బారల వెడల్పున, అలలు లేవు. నురగ లేదు. నీళ్ళు కొంచెం ముదురు రంగులో, చెరువులాగా నెమ్మదిగా ఉన్నాయి. అలలు లేని చోటే క్షేమమని అక్కడ దిగాను. మోకాళ్ళు మునిగాయి, నడుము మునిగింది. ఆ తరువాతి అడుగుకు నేల లేదు.

వెనక్కి తిరిగి చూసేసరికి ఒడ్డు దూరంగా ఉంది. ఒడ్డుకు ముఖం పెట్టి శక్తి కొద్దీ ఈదాను. కాలువలో నాకు తెలిసింది అదే, గట్టు చూసుకుని ఈదడం. ఎంత ఈదినా గట్టు దగ్గరకు రాదు. తడిసిన బట్టలు కాళ్ళకు చుట్టుకుని బరువెక్కాయి. ఉప్పు నీళ్ళు మింగాను. కళ్ళజోడు లేక ఏదీ సరిగా కనబడటం లేదు. ఒడ్డున ఒక తెల్ల చొక్కా మాత్రం కనబడుతోంది. కాసేపటికి ఆ తెల్ల చొక్కా కదిలింది. నీళ్ళలోకి, నా వైపుకు వస్తోంది.

బుజ్జమ్మా, నేను మునిగిపోతానని నాకు అంత భయం వెయ్యలేదు. ఈత రాని మనిషి నా కోసం దిగుతున్నాడని తెలిసినప్పుడు వేసిన భయం ఇప్పటికీ నా ఒంట్లో ఉంది. "రావద్దు, రావద్దు" అని అరిచాను. ఆ హోరులో ఎవరికి వినబడుతుంది?

కుక్కను తిప్పుతున్న ఒక ముసలావిడ పరుగెత్తుకుంటూ వచ్చి మీ పెదనాన్న చొక్కా వెనుక నుంచి పట్టుకుంది. ఆయన లాగుతున్నా వదల్లేదు. అవతల రాళ్ళ దగ్గర అలల మీద పలకతో ఆడుకుంటున్న కుర్రవాడొకడు నన్ను చూసి వచ్చాడు. నన్ను పలక మీద బోర్లా పడుకోబెట్టి, ఒడ్డు వైపు కాకుండా ఒడ్డుకు సమాంతరంగా పక్కకు తీసుకెళ్ళాడు. అలలు విరిగే చోటికి రాగానే ఆ అలలే మమ్మల్ని ఇసుక మీదికి తోశాయి. నేను ఒడ్డున పడేసరికి ముసలావిడ ఇంకా మీ పెదనాన్న చొక్కా పట్టుకునే ఉంది. ఆయన పిడికిట్లో నా కళ్ళజోడు, ఒక కాడ వంగిపోయి. దాన్ని సరిచేసి నా ముఖానికి పెట్టారు. ఏమీ అనలేదు. ఇల్లు చేరే దాకా ఇద్దరం మాట్లాడుకోలేదు. ఆ కుర్రవాడి పేరు కూడా మేము అడగలేదు, ఆ తప్పుకు నేను ఇప్పటికీ బాధపడతాను.

తరువాత చదివి తెలుసుకున్నాను. అలలు ఒడ్డుకు తెచ్చిపడేసిన నీళ్ళన్నీ తిరిగి సముద్రంలోకి పోవాలి కదా. ఇసుకలో లోతుగా ఉన్న చోటు చూసుకుని అన్నీ అటు నుంచే పోతాయి. గట్టుకు గండి పడితే పొలంలో నీళ్ళన్నీ గండి వైపే పరుగెత్తినట్టు. లోతు ఎక్కువ కాబట్టి అక్కడ అలలు విరగవు, పైకి ప్రశాంతంగా కనబడుతుంది. అక్కడి వాళ్ళు దాన్ని రిప్ అంటారు. నేను గండిలో దిగి, గండికి ఎదురీదాను. అది మనిషిని కిందికి లాగదు, లోపలికి మోసుకుపోతుంది అంతే. ఎదురీది అలసిపోయిన వాళ్ళే మునుగుతారు.

అందుకని, ఎర్ర పసుపు జెండాలు రెండు పాతి ఉంటే వాటి మధ్యనే దిగు. జెండాలు లేకపోతే కాళ్ళు కూడా తడపకు. ఫొటో కోసం కూడా వద్దు. ఎప్పుడైనా లాగితే ఎదురీదకు. వెల్లకిలా తేలి, చెయ్యి పైకెత్తి ఊపు. ఓపిక ఉంటే పక్కకు ఈదు. మీ అయిదుగురిలో ఒకరు చిక్కుకుంటే మిగిలిన నలుగురూ ఒడ్డునే ఉండాలి. తేలేది ఏదైనా, ఐసు పెట్టె మూత అయినా సరే, విసరండి. 000కు చేయండి. 2024 జనవరిలో ఫిలిప్ ఐలండ్‌లో ఫారెస్ట్ కేవ్స్ దగ్గర, గస్తీ లేని బీచ్‌లో, మన భారతీయులే నలుగురు పోయారు. ఆ వార్త విన్న రోజు మీ పెదనాన్న భోజనం ముందు నుంచి లేచిపోయారు.

పోర్ట్ క్యాంప్‌బెల్ దగ్గర లాక్ ఆర్డ్ గోర్జ్‌కు వెళతావు కదా. 1878లో ఇంగ్లండు నుంచి మెల్‌బోర్న్ వస్తున్న లాక్ ఆర్డ్ అనే ఓడ అక్కడ రాళ్ళకు కొట్టుకుంది. ఓడలో 54 మంది, బతికింది ఇద్దరు. టామ్ పియర్స్ అనే ఓడ అప్రెంటిస్ ఒడ్డుకు చేరాక ఒక అమ్మాయి కేక విని మళ్ళీ నీళ్ళలోకి వెళ్ళి ఆమెను, ఈవా కార్‌మైకేల్‌ను, తీసుకొచ్చాడు. అందరూ అతని ధైర్యం గురించి చెబుతారు. నిజంగా గొప్ప ధైర్యమే. కానీ అతను సముద్రం మీద పని నేర్చిన పిల్లవాడు. మీ పెదనాన్నకు అది తెలియదు, మీ స్నేహితులకూ తెలియదు. పైన గట్టు మీద సమాధులు ఉన్నాయి, అక్కడికి కూడా వెళ్ళి రండి.

ఆ ఊళ్ళలో హోటళ్ళు పెందలాడే మూసేస్తారు. పులిహోర కలుపుకుని వెళ్ళు, చింతపండు గుజ్జు ముందు రోజే ఉడికించి పెట్టుకో. పెరుగన్నం ఐసు పెట్టెలో. అక్కడి చిలకలు చేతి మీదే వాలతాయి, వాటికి మాత్రం ఏమీ పెట్టకు. ఎండగా ఉందని స్వెటరు మరిచిపోవద్దు. అపాజిల్స్ దగ్గర గాలి ఎముకల్లో దూరుతుంది. అక్కడ సూర్యాస్తమయం తప్పకుండా చూడు. గది పోర్ట్ క్యాంప్‌బెల్‌లో ఉంటే పది నిమిషాల దారి, చీకట్లో ఆ కాస్త దూరం మాత్రం నెమ్మదిగా నడుపు.

2004 సంగతి మీ అమ్మకు ఇప్పటికీ తెలియదు. నువ్వు చెప్పకు. నువ్వు క్షేమంగా తిరిగి వచ్చాక నేనే చెబుతాను. డబ్బు సరిపోకపోతే నన్నడుగు, స్నేహితుల దగ్గర తీసుకోకు.

ఆ సూర్యాస్తమయం చూసి, గదికి చేరి, తలుపు వేసుకున్నాక ఒక్క ఫోను చెయ్యి. అక్కడ రాత్రి ఎనిమిదిన్నర అంటే ఇక్కడ మధ్యాహ్నం మూడు. ఆ రోజు నేను నడుం వాల్చను.

మీ పెద్దమ్మ