అమ్మ తోటలో నాన్నతో మాట్లాడుతోంది

ప్రశ్న: మేడమ్, మాది కోనసీమలో అంబాజీపేట దగ్గర ఓ పల్లెటూరు. ఎనిమిది నెలల క్రితం నాన్న గుండెపోటుతో పోయారు. అమ్మకు 61 ఏళ్ళు, ఊళ్ళో ఒక్కతే ఉంటోంది. నాన్న తన సంపాదనతో కొన్న కొబ్బరి తోటకు రోజూ పొద్దున్నే వెళ్ళి, ఎండెక్కే దాకా అక్కడే ఉంటుంది. బోదెలు బాగు చేయిస్తుంది, రాలిన మట్టలు ఏరుతుంది. నాన్న చివరగా నాటిన మొక్కల దగ్గర కూర్చుని ఆయనతో మాట్లాడుతుంది. ‘ఏవండీ, ఈసారి కాయ బాగా దిగింది’ అంటుంటే పక్క తోటవాళ్ళు విన్నారట. గాలి సోకిందేమో, తాయెత్తు కట్టించమని పిన్ని అంటోంది. తోట అమ్మేసి అమ్మను హైదరాబాద్ తీసుకొచ్చేద్దామని తమ్ముడు అంటున్నాడు. అమ్మేమో రానంటోంది. నాకు రాత్రిళ్ళు నిద్ర లేదు, ఒకటే టెన్షన్. సంక్రాంతికి వెళ్ళినప్పుడు అమ్మతో పాటు తోటకు బయల్దేరాను గానీ, గట్టు దగ్గర నుంచే వెనక్కి వచ్చేశాను. అమ్మను ఈ డిప్రెషన్‌లోంచి ఎలా బయటకు తేవాలి?
– ఓ సోదరి, హైదరాబాద్

జవాబు: మీ అమ్మగారు పొద్దున్నే లేస్తున్నారు. పనివాళ్ళను పిలిపించుకుంటున్నారు. ఎండ ముదిరేలోగా ఇంటికి చేరుతున్నారు. కాయ ఎంత దిగిందో చూసుకుంటున్నారు. డిప్రెషన్‌లో ఉన్న మనిషి చేతకాక వదిలేసేది ఇలాంటి పనులనే. కాబట్టి మీ ఉత్తరాన్ని బట్టి నేనైతే ఆ పేరు పెట్టను. ఆమె భర్త పోయిన బాధలో ఉన్నారు. అది ఉండాల్సిందే.

ఇక ఆ మాట్లాడటం సంగతి. 1971లో డెవి రీస్ అనే డాక్టర్ బ్రిటన్‌లోని వేల్స్ ప్రాంతంలో, జీవిత భాగస్వామిని పోగొట్టుకున్న 293 మందితో మాట్లాడి ఓ అధ్యయనం ప్రచురించారు. పోయినవాళ్ళు పక్కనే ఉన్నట్టు అనిపించిందనో, కనిపించారనో, గొంతు వినిపించిందనో వాళ్ళలో దాదాపు సగం మంది చెప్పారు. పిచ్చి అంటారన్న భయంతోనో మరెందుకో, ఎక్కువమంది అప్పటిదాకా ఆ విషయం ఎవరికీ చెప్పుకోలేదు. మన ఇళ్ళలోనూ పటం ముందు నిలబడి ‘వెళ్ళొస్తానండీ’ అని చెప్పి, ఆ తర్వాతే తలుపుకు తాళం వేసే ఆడవాళ్ళు ఎంతమంది లేరు? మీ అమ్మగారు ఆ మాట తోటలో అంటున్నారు. పక్క తోటవాళ్ళ చెవిన పడింది, అంతే తేడా. తాయెత్తు కడితే మాత్రం ‘నన్ను పిచ్చిదాన్ననుకుంటున్నారు’ అని ఆమెకు అర్థమవుతుంది. అప్పుడు మీతో కూడా మాట్లాడటం మానేస్తారు.

ఎనిమిది నెలలైనా తేరుకోలేదని మీకు దిగులుగా ఉంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ వ్యాధుల పట్టికలో ‘దీర్ఘకాలిక దుఃఖం’ అనే సమస్య ఉన్నమాట నిజమే. దానికి కనీసం ఆరు నెలలు గడవాలని ఆ పట్టిక అంటుంది. వయోజనుల విషయంలో ఏడాది దాటాలని అమెరికా సైకియాట్రిస్టులు 2022లో తమ వ్యాధుల గ్రంథంలో చేర్చారు. రెండు చోట్లా నెలల లెక్క ఒక్కటే సరిపోదు. రోజువారీ బతుకు ఆగిపోయిందా అన్నది చూస్తారు. అమ్మగారి బతుకు ఆగలేదు, చాలావరకు తోటలో నడుస్తోంది.

ఎందుకు తోటలోనే? మీరు హైదరాబాద్‌లో ఉన్నారు కాబట్టి ఇది తట్టి ఉండదు. భర్త పోయిన ఆడమనిషి ఏడాది తిరక్కుండా ఇంకొకరి గడప తొక్కకూడదనే ఊళ్ళు ఇంకా చాలా ఉన్నాయి. పేరంటానికి పిలవరు. పెళ్ళికి పిలిచినా ముందు వరసలో కూర్చోనివ్వరు. ప్రయాణానికి బయల్దేరుతున్నవాళ్ళకు తను ఎదురు రాకుండా ఆమే పక్కకు తప్పుకోవాలి. ఇంట్లో ఉందామంటే పరామర్శకు వచ్చినవాళ్ళు చివరి రోజు కథ మళ్ళీ మొదటి నుంచీ చెప్పించుకుంటారు. ఆమె నుదుటి వైపు, చేతుల వైపు ఎవరూ చూడని చోటు ఊరు మొత్తంలో ఆ తోట ఒక్కటే. మనకు సిగ్గుచేటైన విషయమే ఇది. మనుషులు చేయాల్సిన పని చెట్లు చేస్తున్నాయి.

అక్కడ ఆమెకు పని కూడా ఉంది. ఆత్మీయులను పోగొట్టుకున్నవాళ్ళు ఎలా కోలుకుంటారన్న దాని మీద మార్గరెట్ స్ట్రోబ్, హెంక్ షూట్ అనే మనస్తత్వ పరిశోధకులు 1999లో చెప్పిన మాట నాకు ఎప్పుడూ సబబుగానే తోస్తుంది. మనిషి కాసేపు పోయినవాళ్ళ వైపు తిరుగుతాడు, కాసేపు ముందున్న పనుల వైపు తిరుగుతాడు. ఈ రెండింటి మధ్య అటూ ఇటూ మసలుతూ నెమ్మదిగా కుదుటపడతాడు. ఎప్పుడూ ఏడుస్తూ కూర్చున్నా, అసలు ఏడవకుండా పనిలో తల దూర్చేసినా ఇబ్బందే. అమ్మగారికి తోటలో రెండూ ఒకేచోట దొరుకుతున్నాయి. ఆ మొక్క నాటింది ఆయన, దానికి ఇప్పుడు నీళ్ళు పెట్టాల్సింది ఈమె. కొమ్ము పురుగు పట్టిందంటే ఆయన ఏం చేసేవారో గుర్తు తెచ్చుకోవాలి, వెంటనే మనిషిని పిలిపించి చేయించాలి కూడా. అపార్ట్‌మెంట్ నాలుగో అంతస్తులో మీరు ఎంత ప్రేమగా చూసుకున్నా ఇది ఇవ్వలేరు.

చెట్టూ నీరూ అందరికీ ఊరటనిస్తాయని మాత్రం నేను అనను. బిడ్డను గోదావరిలో పోగొట్టుకున్న తల్లిని రేవు దగ్గర కూర్చోమనలేం. మీ అమ్మగారు ఆ చోటు తనకు తానే ఎంచుకున్నారు, దాన్ని తీసేయకండి.

అలాగని ఏమీ పట్టించుకోకుండా వదిలేయమని కాదు. ఆమె తిండి తగ్గిందా, మనిషి చిక్కిపోతున్నారా, రోజూ వేసుకునే బీపీ, షుగర్ మాత్రలేవైనా ఉంటే అవి మానేశారా, వారాల తరబడి నిద్ర లేదా అన్నది కనుక్కోండి. ఫోన్లో ‘బాగున్నావా’ అంటే ‘బాగున్నా’ అనే అంటారు. కళ్ళతో చూసి చెప్పే మనిషి ఒకరు ఊళ్ళో ఉండాలి. ‘నేనూ ఆయన దగ్గరికి వెళ్ళిపోతాను’ లాంటి మాట వచ్చినా, ఆయన రమ్మంటున్నట్టు వినిపిస్తోందన్నా, ‘చచ్చిపోవాలనిపిస్తోందా అమ్మా’ అని సూటిగా అడగండి. అడిగితే లేని ఆలోచన పుడుతుందనేది అపోహ. అవునంటే ఆమెను ఒంటరిగా ఉంచకుండా అదే రోజు డాక్టర్‌కు చూపించండి. 14416 నంబరుకు చేస్తే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ వాళ్ళు ఇరవై నాలుగు గంటలూ, తెలుగులోనే, ఉచితంగా మాట్లాడతారు. ఇంకో పని ఇప్పుడే చేయించండి. తోట పాకలో పురుగుమందు డబ్బాలుంటే తీయించేసి, తాళం చెవి వేరేవాళ్ళ దగ్గర ఉంచండి. ఈ జాగ్రత్త పల్లెటూళ్ళలో ప్రతి ఇంటికీ చెబుతాను, భయపడకండి.

ఇప్పుడు మీ సంగతి. మీ ఉత్తరమంతా అమ్మ గురించే ఉంది. కానీ నిద్ర పట్టనిది మీకు. గట్టు దాకా వెళ్ళి లోపల అడుగు పెట్టలేకపోయిందీ మీరే. నాన్న పోయాక మీకు ఎలా ఉందో ఒక్క వాక్యం కూడా రాయలేదు. పెద్దకర్మ అవగానే హైదరాబాద్ బస్సెక్కి, మర్నాడే ఆఫీసుకు వెళ్ళి ఉంటారని నా అనుమానం. ఇంటికి పెద్దకూతుళ్ళు చాలామంది చేసేది అదే. బ్యాంకు కాగితాలు, డెత్ సర్టిఫికెట్, తమ్ముడికి సర్దిచెప్పడం, అమ్మకు ధైర్యం చెప్పడం అన్నీ చేస్తారు. ఏడవడానికి మాత్రం వాళ్ళకు సమయం మిగలదు. అమ్మ తోటలో కూర్చోవడం మీకు అంత భయంగా ఉండటానికి అదీ ఓ కారణం కావచ్చు. మీరు చూడలేకపోతున్న చోటే ఆమె హాయిగా కూర్చుంటున్నారు.

తర్వాతి దింపు, అంటే కాయలు దించే రోజు, ఎప్పుడో అడిగి, ఆ రోజుకు సెలవు పెట్టి వెళ్ళండి. సంవత్సరీకం దాకా ఆగొద్దు. ఆ రోజు ఇల్లంతా చుట్టాలు, వంటలు, పురోహితుడికి ఇవ్వాల్సినవి చూసుకోవడంతోనే సరిపోతుంది. దింపు రోజున మీరిద్దరూ, చెట్లెక్కేవాళ్ళు, కాయలు. అంతే ఉంటారు. అమ్మ ముందు నడవనీయండి. గట్టు దగ్గర కాళ్ళు ఆగిపోతే అక్కడే కూర్చోండి, ఆ రోజుకు అదే చాలు. ఏడుపొస్తే ఏడవండి. అమ్మ చూస్తే బాధపడుతుందని ఆపుకోవద్దు, కూతురు ఏడవలేదేమని ఆమె లోపల అనుకుంటూ ఉండొచ్చు. ఇన్నేళ్ళుగా మీ తోటలో దింపు తీసినవాళ్ళను నాన్నగారి గురించి అడగండి. కాయ రేటు దగ్గర వ్యాపారితో ఆయన ఎలా పేచీ పెట్టుకునేవారో, అటక మీద కురిడీలు ఎన్నాళ్ళు దాచేవారో మీకు తెలియనివి వాళ్ళు చెబుతారు. వీడియో మాత్రం తీయకండి, ఫోన్ చూడగానే మాటలు బిగుసుకుపోతాయి.

వెళ్ళి వచ్చాక కూడా మీకు నిద్ర పట్టకపోతే ఓ కౌన్సెలర్‌ను కలవండి. ముందు అమ్మకు బాగవ్వనీ అని వాయిదా వేయొద్దు.

తమ్ముడితో మీరు కాస్త గట్టిగా మాట్లాడాలి. నాన్నగారి స్వార్జితం, వీలునామా ఏమీ రాయలేదంటే, 1956 హిందూ వారసత్వ చట్టం ప్రకారం అమ్మకు, మీకు, తమ్ముడికి సమాన వాటాలు వస్తాయి. మీ నానమ్మ బతికి ఉంటే ఆవిడకూ అంతే వాటా. అమ్మ సంతకం లేకుండా తోట మొత్తం అమ్మే వీల్లేదు. ‘మా కోసం సంతకం పెట్టమ్మా’ అని మీరిద్దరూ కూర్చుంటే కన్నతల్లి కాబట్టి పెట్టేస్తారు. అందుకే అడగొద్దంటున్నాను. తమ్ముడికి ఆమె ఒంటరిగా ఉందన్న బెంగ నిజమైనదే అయితే, దానికి వేరే దారులున్నాయి. రాత్రికి తోడు పడుకునే మనిషిని చూడండి, నెలకోసారి మీలో ఒకరు వెళ్ళేలా వంతులు వేసుకోండి, ఎండాకాలంలో పదిహేను రోజులు ఆమెనే మీ దగ్గరకు రమ్మనండి. తోట అమ్మకం మాట సంవత్సరీకం అయ్యేదాకా ఎత్తొద్దు. ఆ తర్వాత ఎత్తాల్సి వచ్చినా అమ్మను ఎదురుగా కూర్చోబెట్టుకుని, ముందు ఆమె మాట విన్నాకే బేరగాళ్ళను పిలవండి.