రుద్దకముందే ఒక మాట

చిన్నోడికి పెదనాన్న ఆశీస్సులు.

నీకెవరో పాత పటాలం రివాల్వర్ కానుకగా ఇచ్చారనీ, అది ఏ కాలంనాటిదో తేల్చే పనిలో పడ్డావనీ మీ అమ్మ చెప్పింది. మురిసిపోయాను. ఆ రాత్రి నిద్ర మాత్రం పట్టలేదు.

లైసెన్సు కాగితాలు ముందు చూసుకో. తూటాలు లేవని ఎవరు చెప్పినా నమ్మకు, సిలిండర్‌లో తూటాలు పెట్టే గదులన్నీ నీ కళ్లతో చూడు. విప్పడం రాకపోతే వచ్చినవాడి చేతికివ్వు.

మీ అమ్మ పంపిన ఫొటోలో అది బ్రిటిష్‌వాళ్ల వెబ్లీ రివాల్వర్‌లాగే ఉంది. మీట నొక్కితే గొట్టం ముందుకు వంగుతుందా? క్యాలిబర్, అంటే తూటా కొలత, .455, గొట్టం ఆరంగుళాలు అయితే 1915లో బ్రిటిష్ సైన్యం తీసుకున్న వెబ్లీ మోడల్, మార్క్ ఆరు కావచ్చు. .38 అయితే 1932 నాటి ఎన్‌ఫీల్డ్ నంబర్ టూ రివాల్వర్ వైపు కూడా చూడు. గదులు ఏడుంటే మాత్రం రష్యావాళ్ల 1895 నాగాంట్‌ని తలుచుకో.

ఇక నా నిర్వాకం విను. నీ వయసులో నాకూ ఒక మార్క్ ఆరు దొరికింది. తుప్పు చూస్తే నాకు చేతులు ఊరుకోవు కదా. ఎమరీ కాగితం, కిరసనాయిలు పెట్టుకుని ఓ మధ్యాహ్నమంతా కూర్చున్నా. ఫ్రేము మీది గోధుమరంగు పొర లేచి తళతళలాడుతుంటే ఎంత గర్వమో! సాయంత్రం భూతద్దం పెడితే ఫ్రేము మీద చెక్కిన తయారీ సంవత్సరం 191 దాకానే ఉంది. చివరి అంకె ఉండాల్సిన చోట కింది వంపు మిగిలింది. ఐదో, ఆరో, ఎనిమిదో. పక్కన బాణం ముద్ర కూడా సగమే. బాణం ఒక్కటే ఉంటే సర్కారు సొత్తు. రెండు బాణాలు మొనలు కలిసేలా ఎదురెదురుగా ఉంటే సైన్యం అమ్మేసిందని గుర్తు. నాది ఒకటా రెండా? ఇక చెప్పేవాళ్లెవరు? తెలివితక్కువ వెధవని నేనే తుడిచేశాను.

అందుకే మొండివాడా, నూనె గుడ్డతో అద్దు, అంతే. టార్చి పక్కనుంచి వేస్తే అరిగిన ముద్రలు నీడలో లేస్తాయి. ఫ్రేము, సిలిండర్, గొట్టం మీది నంబర్లు విడివిడిగా రాసుకో. కలవకపోతే ఏదో భాగం మారినట్టే. పేల్చి చూద్దామన్న సరదా అసలు వద్దు. .45 ఏసీపీ అనే పిస్టల్ తూటా పట్టేలా సిలిండర్ వెనక కోసేసిన వెబ్లీలున్నాయి, ఆ తూటా ఒత్తిడి వాటికి ఎక్కువ.

కోప్పడ్డానని అలగకు. ముద్రల ఫొటోలు పంపు. నా భూతద్దం బల్ల మీదే ఉంది.